51వ చీర

యంత్రం చిత్రకారుని స్థానాన్ని ఆక్రమించగలదా అన్న చర్చ ఢిల్లీ కళాగోష్ఠులలో నేడు తరచు వినవస్తున్నది. ఈ ప్రశ్న అడుగవలసిన చోటు సూరత్ అని నా అభిప్రాయం. తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలెన్నో మరమగ్గాలపై బ్రతుకుతున్న ఆ నగరంలో, చీరపై అచ్చయ్యే పువ్వును మొదట గీసినది ఒక మనిషి చేయి.

2018 అక్టోబరులో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ ఒక చిత్తరువును వేలం వేసింది. ఎడ్మండ్ డి బెలామీ అనే, లోకంలో ఎన్నడూ లేని వ్యక్తి ముఖమది. పారిస్ యువకులు కొందరు 15,000 పాత చిత్తరువులను కంప్యూటరుకు చూపి, అది కల్పించిన రూపాన్ని కాన్వాసుపై అచ్చువేశారు. పలికిన ధర 4,32,500 డాలర్లు. సంతకం ఉండవలసిన చోట ఒక గణిత సూత్రం! ఆ 15,000 చిత్తరువులు గీసినవారి ఊసే లేదు.

మన లక్ష్మాగౌడ్ మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో చదివి, పల్లె స్త్రీ పురుషుల ముఖాలను ఎచింగ్‌లలో నిలిపారు. రేకు ఆమ్లంలో ఎంతసేపు ఉండాలో, ఏ గీత ఎంత లోతు తినాలో నిర్ణయించవలసినది చిత్రకారుడే. ఎచింగ్ ప్రెస్సు కూడా యంత్రమే. కాని ముద్రణ చిత్రకారుడు ప్రతి అచ్చు క్రింద సంఖ్య వేసి సంతకం చేస్తాడు. సృష్టి ఎవరిదో సందేహముండదు.

సూరత్ డిజైనరుకు ఆ భాగ్యం లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 15వ సెక్షను ప్రకారం, నమోదుకు అర్హమై ఉండీ నమోదు కాని డిజైను పరిశ్రమలో 50 సార్లకు మించి అచ్చయితే కాపీరైటు అంతరిస్తుంది. 2009లో ఢిల్లీ హైకోర్టు సోఫా వస్త్రాల డిజైన్ల వివాదంలో ఈ సూత్రాన్నే వర్తింపజేసింది. అనగా 51వ చీరతో హక్కు చెల్లిపోతుంది.

కృత్రిమ మేధ సంస్థలు తాము వాడుకున్న కృతులకు రాయల్టీ చెల్లించాలని 2025 డిసెంబరులో కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ వెలువరించిన పత్రం ప్రతిపాదించింది. స్వాగతించదగినదే. కాని కాపీరైటే మిగలనివారికి రాయల్టీ ఎక్కడిది? గోడకు వ్రేలాడే బొమ్మకు ఒక న్యాయం, ఒంటిని కప్పే బొమ్మకు మరొక న్యాయమా?

యంత్రాన్ని నిషేధించమని కాదు నా వాదన. డిజైను గీసినవారి పేరు నమోదు కావాలి. రాయల్టీలో వారికి వాటా ఉండాలి. చట్ట సవరణ పార్లమెంటు ముందుకు వచ్చిననాడు తెలుగు సభ్యులు ఈ 51వ చీర సంగతి ప్రస్తావిస్తే, అది సూరత్‌కే గాక పోచంపల్లికీ, మచిలీపట్నానికీ మేలు.