తనివి తీరని నవాబు

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ ఏం కొన్నాడని అడిగేకంటే ఏం కొనలేదని అడగడం తేలిక. 1912లో ఏడో నిజాంకు దివాన్ అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదులుకుని, మిగిలిన బతుకంతా వస్తువుల వేటలో గడిపాడు. తివాచీలు, పింగాణీ, గడియారాలు, అరబ్బీ ఫారసీ రాతప్రతులు, చివరికి చేతికర్రలు, పిల్లల బొమ్మలు కూడా హైదరాబాద్‌లోని ఆయన నివాసం దివాన్ దేవిడీకి చేరాయి. ఆ ఇంటికి ఈ అలవాటు కొత్త కాదు. ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని 1876లో రోములో కొన్నది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్.

ఈ ఆశను తప్పుపట్టడానికి కారణాలున్నాయి. కొన్న డబ్బు జాగీరుది. అంటే కొప్పళ వంటి చోట్ల రైతులు కట్టిన శిస్తు. పైగా కొన్నవన్నీ మేలిరకం కావు. యూరప్ శిల్పాల్లో చాలావరకు పాతవాటికి నకళ్లే.

అయితే ఏరుకోకపోవడం వల్ల ఒక మేలూ జరిగింది. రసజ్ఞుడు మేలిమి ఏరుకుని తక్కింది వదిలేస్తాడు. యూసఫ్ అలీఖాన్ వదలలేదు కనుక, ఒక కాలపు కులీనుల ఇళ్లలో ఏం ఉండేదో, వాళ్లు దేన్ని చూసి మురిసేవారో ఇవాళ మనకు కనిపిస్తోంది. రాతప్రతుల విలువైతే చరిత్రకారులకు చెప్పనక్కర్లేదు.

1949 మార్చిలో ఆయన అవివాహితుడిగానే పోయాడు. ఆ ఆగస్టులో జాగీర్లూ రద్దయ్యాయి. సొత్తు వాటాలై చెదిరిపోవలసిన ఘడియ అది. కానీ అలా జరగలేదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1958లో హైకోర్టు ద్వారా సొత్తు విషయంలో ప్రభుత్వానికి వారసులతో రాజీ కుదిరింది. 1961లో మ్యూజియంపై పార్లమెంటు చట్టం వచ్చింది. 1968లో సేకరణ మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

కూడబెట్టిన ఘనత నవాబుదే, కాదనలేం. దాన్ని ఊరందరిదీ చేసిన ఘనత మాత్రం ఆ ఆశది కాదు. వారసుల రాజీది, చట్టానిది. శిస్తు కట్టిన రైతుల మునిమనవలు టికెట్ కొనుక్కుని చూడగలుగుతున్నారంటే, అది ఈ రెండో పని వల్లే.