చక్రం మూలుగుతోందా?

విజయనగరంలో బయల్దేరినప్పుడు ఏ చప్పుడూ లేదు. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, వేగం అరవై దాటేసరికి 'ఉమ్‌...' అంటూ మొదలైంది. రణస్థలం వచ్చేసరికి కారులో పాట వినిపించడం మానేసింది. 'టైర్లు పాతవి కదా, వాటి మోతే' అన్నాడు మా బావ. వెనక సీట్లో అక్కా, ఇద్దరు పిల్లలూ. 'పోయినేడాది మీరు బాగుచేసిన చక్రమే కదండీ అది?' అంది అక్క. బావ శ్రీకాకుళం వచ్చేదాకా మళ్లీ నోరెత్తలేదు.

టైరు మోతకీ బేరింగు మోతకీ తేడా ఉంది. రోడ్డు మారితే టైరు గొంతు మారుతుంది. బేరింగు గొంతు మారదు, వేగంతోపాటు పెరుగుతుందంతే. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కాస్త కుడికి తిప్పితే బండి బరువు ఎడమ చక్రం మీదకి ఒరుగుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే ఎడమవైపే అనుమానించాలి. మాది ఎడమే. ఇంటికొచ్చాక జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగు మీద పెట్టాను. లోపల ఇసుక నలుగుతున్నట్టు గరగర!

బావది సాలూరు. లారీల ఊళ్లో పుట్టినవాడికి చక్రం విప్పడం ఓ లెక్కా? లారీ ముందు చక్రంలో రెండు టేపర్‌ రోలర్‌ బేరింగులుంటాయి. నట్టు విప్పితే చేతికొచ్చేస్తాయి. కడిగి, గ్రీజు పెట్టి, నట్టు బిగువు సరిచూసి, స్ప్లిట్‌ పిన్ను వంచితే పనైపోతుంది. మన ఎడ్లబండి ఇరుసుకి కందెన రాసి, చివర సీల దిగ్గొట్టినట్టే. (అన్నట్టు, కరణాలతో పేచీ పెట్టుకోవద్దని చెప్పడానికి సుమతీ శతకకారుడికి ఈ ఇరుసూ కందెనే గుర్తొచ్చాయి!)

చిన్న కారు దగ్గర ఆ చదువు పనికిరాలేదు. ఇప్పటి చాలా కార్ల బేరింగు మూతేసిన బిళ్ల. గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు, మనం పెట్టేదేమీ ఉండదు. నీళ్లో ఇసుకో లోపలికి చేరితే మార్చుకోవడమే. దాన్ని నకిల్‌ అనే ఇనుప దిమ్మలోకి బిగుతుగా దింపాలి. పోయినేడాది బావ దాన్ని పైపు ముక్కా పెద్ద సుత్తీ పెట్టి కొట్టాడు. దిగింది. మోత పోయింది. రెండు నెలలు గర్వంగా తిరిగాడు కూడా.

పాత బేరింగు పట్టుకుని లేతు షాపుకెళ్తే అక్కడి పెద్దాయన వెలుతురులో తిప్పి చూసి, 'ఏటి మాస్టారూ, సుత్తెట్టి కొట్టీసినారా? గోళీలు గాడిని సొట్టలెట్టీసినాయి సూడండి' అన్నాడు. సంగతేమిటంటే, బేరింగుకి బయట ఒక రింగు, లోపల ఒక రింగు, నడుమ గోళీలు. నకిల్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే అదంతా గోళీల మీదుగా పోయి గాడిలో కంటికానని సొట్టలు చేస్తుంది. ఆరోజు తెలియదు. తర్వాత మూలుగుతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే చక్రం ఊగడం మొదలవుతుంది. ఏడాదిగా పిల్లలు ఆ చక్రం మీదే బడికెళ్తున్నారని గుర్తొచ్చి బావ మొహం చిన్నబోయింది.

ఈసారి పని రెండుగా పంచుకున్నాం. విప్పడం, బిగించడం ఇంట్లో; దింపడం లేతు షాపు ప్రెస్సు మీద. కారు నేలమీద ఉండగానే అక్క బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇరుసు నట్టు సడలించాం. తర్వాత జాకీ, దాని పక్కన స్టాండు. ఒక్క జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నా. బ్రేకు కాలిపర్‌ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాం. కొత్త బేరింగుని అక్క ఫ్రీజర్లో బఠాణీల పక్కన గంటసేపు ఉంచింది, చల్లబడితే ఇనుము కాస్త కుంచించుకుని సులువుగా దిగుతుందని. లేతు షాపుకి తడిగుడ్డలో చుట్టుకెళ్లబోతే, 'తడి తగిలితే ఇంకేం లాభం?' అని పొడి గుడ్డ అక్కే ఇచ్చింది!

మరో చిన్న ఇబ్బంది. 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్‌ తప్పనిసరి అయింది. ఆ బ్రేకులున్న చాలా కార్ల బేరింగుకి ఒకవైపు అయస్కాంతపు సీలు ఉంటుంది. సెన్సరు చూసేవైపు అది ఉండాలి. తిరగేసి దింపితే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, మళ్లీ ఊడదీస్తే బేరింగు పాడవుతుంది. మా పాత కారుకి ఆ బాధ లేదు. ఇరుసు నట్టు మాత్రం కొత్తది వేసి, చక్రం మీద బరువు పడకముందే టార్క్‌ రెంచితో మాన్యువల్లో రాసినంతే బిగించాం. ఆ రెంచి లేతు షాపాయన అరువిచ్చాడు. తర్వాత అలైన్‌మెంటు చూపించాం.

పై ఆదివారం మళ్లీ శ్రీకాకుళం. అరవై, ఎనభై... అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం. మూలుగు లేదు. సన్నగా ఓ మోత మాత్రం వినిపిస్తూనే ఉంది. 'ఇది నిజంగా టైర్లదే' అన్నాడు బావ. ఈసారి అక్క నమ్మింది.