రాక్షసుని చేతిలో మంత్రఖడ్గం

గుహ చిట్టచివర గాబ్లిన్ల నాయకుడు నిలబడి ఉన్నాడు. అతని వెనుక ఒక ఇనుప పెట్టె. నలుగురు వీరులు చాలాసేపు పోరాడి అతణ్ణి పడగొట్టారు. పెట్టె తెరిచి చూస్తే లోపల ధగధగ మెరిసే మంత్రఖడ్గం! అందరికీ పరమానందం కలిగింది. కాని వారిలో ఒకరికి చిన్న సందేహం వచ్చింది. ‘ఇంతటి ఖడ్గం ఇంట్లో పెట్టుకుని, ఈ నాయకుడు తుప్పు పట్టిన కత్తితో ఎందుకు పోరాడినట్లు?’

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడేవారికి ఈ సందేహం కొత్తది కాదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటను లోకానికి అందించారు. బల్ల చుట్టూ కూర్చున్న వారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర ధరిస్తారు. ఒకరు మాత్రం నిర్వాహకుడు. కథ చెప్పేదీ, రాక్షసుల తరఫున పోరాడేదీ, తగవు వస్తే తీర్పు చెప్పేదీ ఆయనే. వేసిన దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

శత్రువుకు ఆయుధం ఇచ్చేవాడూ, న్యాయం చెప్పేవాడూ ఒక్కడే కావడం ఈ ఆటలోని విశేషం. అందువల్లనే రాక్షసునికి మంత్రఖడ్గం ఇవ్వడమనేది చిన్న విషయంగా కనిపించినా చిన్నది కాదు. ఇవ్వకపోతే కథ నమ్మశక్యం కాదు. అనాలోచితంగా ఇస్తే, నిర్వాహకుడు తమపై కక్ష కట్టాడని ఆటగాళ్ళు అనుకుంటారు. ఆ అనుమానం ఒకసారి పుట్టిందంటే ఆట సాగదు.

పెట్టెలో ఖడ్గం పడి ఉండడానికి ఒక కారణం ఉంది. 1977లో వెలువడిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అనే గ్రంథంలో అనేక జీవుల వర్ణనలలో, వాటి నిధి ఏ రకానిదో తెలిపే ఒక అక్షరం ఉండేది. ఆ అక్షరాన్ని బట్టి పట్టిక చూసి, పాచికలు వేసి, బంగారం ఎంతో, మంత్రవస్తువులు ఎన్నో నిర్ణయించేవారు. ఆ వస్తువును రాక్షసుడు వాడుకుంటాడా లేదా అన్నది పాచిక చెప్పదు. అది నిర్వాహకుడే ఆలోచించవలసిన సంగతి.

సరే, ఇవ్వాలనే అనుకుందాం. ఏమివ్వాలి? ఇక్కడ కొంచెం లెక్క అవసరం. 2014లో వచ్చిన ఐదవ కూర్పు ప్రకారం గాబ్లిన్ దాడి చేసేటప్పుడు పాచికపై పడిన అంకెకు 4 కలుపుతారు. వీరుని రక్షణబలం 16 అనుకుంటే, పాచికపై 12 గాని అంతకు మించి గాని పడాలి. అంటే నూటికి 45 దెబ్బలు తగులుతాయి. అంకెకు మరొకటి కలిపే ఖడ్గం ఇస్తే నూటికి 50, మూడు కలిపే ఖడ్గం ఇస్తే 60 తగులుతాయి. తగిలిన ప్రతి దెబ్బలోనూ గాయం ఆ మేరకు పెరుగుతుంది.

ఖడ్గానికి బదులు, రక్షణబలాన్ని రెండు పెంచే కవచం ఇచ్చామనుకోండి. నూటికి 60 తగిలే వీరుల దెబ్బలు 50కి దిగుతాయి. నలుగురు వీరులు మూడేసి దెబ్బల చొప్పున 12 దెబ్బలు వేస్తే, సగటున ఏడుకు పైగా తగలవలసినవి ఆరే తగులుతాయి. ఖడ్గం రాక్షసుని దెబ్బలకే బలమిస్తుంది. కవచం నలుగురి దెబ్బలనూ వృథా చేస్తుంది. ఖడ్గం వల్ల పోరాటంలో భయం పెరుగుతుంది. కవచం వల్ల పోరాటం సాగదీసినట్లవుతుంది. బల్ల దగ్గర కూర్చున్నవారికి భయం కంటే విసుగు ఎక్కువ అపకారం చేస్తుంది. కనుక రెండింటిలో ఒకటి ఇవ్వవలసి వస్తే ఖడ్గమే మేలు.

రెండవ చిక్కు పోరాటం ముగిసిన తరువాత వస్తుంది. చచ్చిన రాక్షసుని సొత్తంతా గెలిచినవారిదే. ప్రతి శత్రువుకూ ఒక మంత్రాయుధం ఇస్తూ పోతే, నాలుగు నెలలు తిరిగేసరికి వీరుల మూటలు ఆయుధశాలలవుతాయి. వారిని ఎదుర్కొనడానికి ఇంకా బలమైన రాక్షసులు, వారి చేతికి ఇంకా బలమైన ఆయుధాలు కావలసివస్తాయి.

గైగాక్స్ దీనికొక ఉపాయం పన్నాడు. 1978లో ఆయన వ్రాసిన సాహసకథలలో డ్రౌ అనే పాతాళవాసులు వస్తారు. వారి ఆయుధాలు, కవచాలు గొప్ప మహిమ గలవి. కాని వాటిని భూమి పైకి తెచ్చి ఎండ తగలనిస్తే ఆ మహిమ నశిస్తుంది. చీకటిలో ఉన్నంతవరకు శత్రువు బలవంతుడే. వీరులు మాత్రం ఆ సంపదను ఇంటికి మోసుకుపోలేరు. ఉపాయం తెలివైనదే. అయితే కష్టపడి గెలుచుకున్నది కళ్ళముందే పనికిరాకుండా పోతే ఎవరి మనసుకైనా నొప్పి కలుగుతుంది. ఒక కథలో ఒకసారి బాగుంటుంది. ప్రతిసారీ చేస్తే మోసమనిపిస్తుంది.

అంతకంటే సులభమైన మార్గం మరొకటి ఉంది. వాడితే అయిపోయే వస్తువులను రాక్షసునికి ఇవ్వడం. గాయాలు మాన్పే మందు ఉందనుకోండి. ఐదవ కూర్పులో సాధారణమైన మందు సగటున 7 ప్రాణాంకాలను తిరిగి ఇస్తుంది. మామూలు గాబ్లిన్ మొత్తం ప్రాణబలం కూడా అంతే. నాయకుడు సీసా మూత తీస్తున్నాడంటే వీరులు ఊరుకోరు. అతడు తాగే ప్రతి గుక్కా తమ సొత్తే కదా! త్వరగా గెలవాలన్న పట్టుదల దానంతట అదే పుడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం మనకు మహాభారతంలోనే కనిపిస్తుంది. సహజ కవచకుండలాలను దానమిచ్చి కర్ణుడు ఇంద్రుని వద్ద శక్తి అనే ఆయుధం పొందాడు. అది ఒక్కరిపై ఒక్కసారే పనిచేస్తుంది. దానిని అతడు అర్జునుని కోసం దాచుకున్నాడని శ్రీకృష్ణునికి తెలుసు. కథ వినే మనకూ తెలుసు. అందుకే అర్జునుడు కర్ణుని ఎదుట పడతాడేమోనని మనసు ఆందోళన పడుతుంది. చివరకు అది ఘటోత్కచుని బలి తీసుకున్నప్పుడు దుఃఖంతో పాటు ఒక భారం దిగినట్లవుతుంది. ఆ ఆయుధం సంగతి ముందుగా ఎవరికీ తెలియకపోతే ఇవేవీ ఉండవు; ఒక్క క్షణం ఉలికిపాటు మాత్రం మిగులుతుంది.

ఆటలోనూ ఇంతే. తెలిసిన ఆయుధం ఉపాయాన్ని పుట్టిస్తుంది. తెలియని ఆయుధం ఫిర్యాదును పుట్టిస్తుంది.

ఆయుధం ఇచ్చినంత మాత్రాన రాక్షసునికి తెలివి రాదన్నది కూడా మరువరాదు. 1987లో ‘డ్రాగన్’ పత్రికలో రోజర్ మూర్ ఒక నిర్వాహకుని కోబాల్డుల గురించి వ్రాశాడు. కోబాల్డులంటే అందరికంటే బలహీనులు. ఇరుకు సొరంగాలు, నిప్పు, మాటు వేసి కొట్టే పద్ధతి, ఇవే వారి బలం. వాటితోనే ఆరితేరిన వీరులను వారు పరుగులు పెట్టించారు. బుద్ధి ఉన్నవారికి మామూలు ఈటె చాలు. బుద్ధి లేనివారికి మంత్రదండం కూడా పొయ్యిలో కట్టెతో సమానం.

ఇప్పుడు మళ్ళీ ఆ గుహకు వెళదాం. ఈసారి పెట్టె ఖాళీగానే ఉండనివ్వండి. గుహకు చేరకముందే, దారిలోని పల్లెలో ఒక ముసలి కాపలాదారు రెండుగా చీలిన తన డాలును వీరులకు చూపిస్తాడు. నాయకుని కత్తి చీకటిలో నీలంగా వెలుగుతుందని హెచ్చరిస్తాడు. వీరులు గుహలో అడుగుపెట్టి, దూరాన ఆ నీలి వెలుగు చూసి ఆగుతారు. ఎవరు ముందు నడవాలి, కత్తిని చేతి నుంచి ఎలా జార్చాలి అని గుసగుసలాడుకుంటారు.

గెలిచిన తరువాత ఆ ఖడ్గం వారిలో ఒకరికి దక్కుతుంది. అది ఎంత పదునైనదో ఆ వీరునికి ఎవరూ చెప్పనక్కరలేదు. దాని గాయం అప్పటికే అతని భుజం మీద ఉంటుంది.