చిలకలో ప్రాణం, కత్తిలో ప్రాణం

తెలుగు జానపదంలో కత్తి ఒకడిది, మంత్రం ఇంకొకడిది. కత్తి పట్టినవాడు రాకుమారుడైనా తోటమాలి కొడుకైనా చివరికి రాజ్యాన్నీ రాజకుమారినీ దక్కించుకుంటాడు. మంత్రం పట్టినవాడు చస్తాడు. ఇంగ్లండులో ఇదే జాతి కథలు రాసిన మైకేల్ మూర్‌కాక్ ఆ రెండింటినీ ఒకడికే ఇచ్చి, దిక్కులేని చావు కూడా వాడి నుదుటనే రాశాడు. ఆ పాత్ర పేరు ఎల్రిక్. మొదటి కథ 1961లో ‘సైన్స్ ఫాంటసీ’ అనే పత్రికలో వచ్చింది.

ఎల్రిక్ మెల్నిబొనే అనే ద్వీప సామ్రాజ్యానికి ఆఖరి చక్రవర్తి. పుట్టుకతోనే తెల్లగా పాలిపోయిన ఒళ్లు, ఎర్రటి కళ్లు. మందుమూలికలు లేనిదే లేచి నిలబడలేడు. వాడికి బలమిచ్చేది స్టార్మ్‌బ్రింగర్ అనే నల్లకత్తి. నరికినవాడి ఆత్మను తాగి, ఆ సత్తువను యజమానికి పోస్తుంది. దానికి శత్రువనీ మిత్రుడనీ తేడా లేదు. ఎల్రిక్ ప్రేమించిన సిమోరిల్ దానికే బలైంది, వెంట నడిచిన స్నేహితుడు మూన్‌గ్లమ్ కూడా. ఆఖరున కత్తి ఎల్రిక్‌నే తినేస్తుంది. 1932లో రాబర్ట్ హోవర్డ్ పుట్టించిన కండల వీరుడు కోనన్‌కు మంత్రమంటే గిట్టదు. ఆ అచ్చును కావాలనే తిరగేస్తే ఎల్రిక్ వచ్చాడు. నాయకుణ్ణి చంపేశాక కూడా మూర్‌కాక్ దశాబ్దాల తరబడి వాడి పూర్వకథలు రాస్తూనే పోయాడు. చావు ముందే తెలిసినా పాఠకులు చదివారు.

ఇలాంటివాడి కోసం తెలుగులో వెతకాలంటే వీరుల వైపు కాదు, మాయల మరాఠీ వైపు చూడాలి. బుర్రకథల్లోనూ సురభి నాటకాల్లోనూ ఊరూరా తిరిగిన బాలనాగమ్మ కథలో నిజానికి బరువంతా వాడిమీదే ఉంది. పానుగంటిపురం కోడలు బాలనాగమ్మను మరాఠీ కుక్కను చేసి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త కార్యవర్ధిని రాయిని చేస్తాడు. అంతటి మంత్రగాడు కూడా, నోము ఉందని ఆమె చెప్పిన మాట నమ్మి ఏళ్ల తరబడి దూరంగా ఉండిపోతాడు. కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై వచ్చేదాకా ఆ ఎదురుచూపు సాగుతుంది. మరాఠీ ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఆ గుట్టు బయటపెట్టేది శత్రువు కాదు, ఆమె లాలించి అడిగితే మరాఠీయే చెప్పేస్తాడు. చిలక రెక్క విరిస్తే ఇక్కడ వాడి చెయ్యి పడిపోతుంది.

ప్రాణాన్ని ఒంటి బయట పెట్టుకోవడం ఎల్రిక్‌కూ మరాఠీకీ ఉమ్మడి లక్షణం. ఒకడు దాన్ని నడుముకు వేలాడదీసుకుని తిరిగాడు, ఇంకొకడు ఎవరికీ అందని చోట దాచాడు. ఇద్దరినీ పట్టిచ్చింది ఆ ఏర్పాటే. 1942లో జెమినీవారు ‘బాలనాగమ్మ’ తీసినప్పుడు కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మరాఠీ. కార్యవర్ధి వేషం ఎవరిదంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

‘పాతాళభైరవి’ (1951)లోనూ లెక్క అదే. బలికి సాహసవంతుడైన యువకుడు కావాలని నేపాళ మాంత్రికుడు తోటరామణ్ణి తెస్తాడు. గుట్టు తెలుసుకున్న రాముడు వాణ్ణే బలిస్తాడు. శిష్యుడు సదాజప బతికిస్తాడు. ఆ తర్వాత మళ్లీ చావు. ఒకే సినిమాలో రెండుసార్లు చచ్చే పాత్రకు పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు డెబ్బయ్యేళ్లు దాటినా జనం నోళ్లలో ఆడుతున్నాయి. ఆ వేషం వేసిన ఎస్వీ రంగారావు నూజివీడులో పుట్టాడు.

ఇటు నూజివీడు ఉంటే, అటు నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాద్ రోడ్డు పట్టుకుని పోతే సరిహద్దు దాటగానే కోదాడ. ఆ పక్క గుడిబండలో పుట్టినవాడే ‘కత్తి’ కాంతారావు. పాత కృష్ణా మెట్టకు ఒకవైపు మాంత్రికుడు, మరోవైపు కత్తివీరుడు పుట్టారన్నమాట. విఠలాచార్య సినిమాల్లో కాంతారావు కత్తియుద్ధాలకు పెట్టింది పేరు. మనసులో చీకటి ఉన్న వీరుణ్ణి మాత్రం ఆ సినిమాలు ఆయన చేతికివ్వలేదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం పేరు లేకుండా రాసిన సీరియళ్లలోనూ, 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా, కుర్రాళ్లు గెలుస్తారు, మాంత్రికులు పోతారు.

నాయకుడు నాశనం కావడాన్ని తెలుగు ప్రేక్షకుడు ఓర్వలేడని అనుకోవడం తప్పు. ఎల్రిక్ పుట్టిన ఆ 1961లోనే ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీఆర్ రావణుడిగా కనిపిస్తే జనం నీరాజనం పట్టారు. 1977లో దుర్యోధనుడిగానూ అంతే. అయితే రావణుడి వెనక జయవిజయుల శాపముంది, వాడి పతనం మూడు జన్మల లెక్కలో ఒక మెట్టు. చూసేవాడికి వాడిమీద కోపంతోపాటు జాలి కూడా కలుగుతుంది. జానపద మాంత్రికుడికి అలాంటి వెనకటి జన్మ ఎవరూ రాయలేదు. ఎందుకు చెడ్డవాడయ్యాడో అడగకుండానే కథ ముగిసి, తెరమీద ‘శుభం’ పడుతుంది. మాయల మరాఠీకి బాల్యం ఉండి ఉంటే తెలుగు ఎల్రిక్ ఎప్పుడో పుట్టేవాడు.

ఈ మధ్య దానికి దగ్గరగా వచ్చింది 2022 నాటి ‘బింబిసార’. కల్యాణ్‌రామ్ వేసిన త్రిగర్తల రాజు క్రూరుడు, మాయాదర్పణం గుండా నేటి కాలంలోకి వచ్చి పడతాడు. నాయకుడే దుర్మార్గుడు కావడం తెలుగు జానపద సినిమాకు పెద్ద సాహసమే. కానీ ఒక పాప చలవతో వాడి మనసు మారుతుంది. మూర్‌కాక్ తన చక్రవర్తికి పశ్చాత్తాపం పుష్కలంగా ఇచ్చాడు గానీ, దానివల్ల కత్తి వదలలేదు.