లౌకికమా? లౌక్యమా?

ఎవరికీ చెడ్డగాకుండా తప్పుకునేవాణ్ణి ఊళ్ళో 'లౌక్యం తెలిసినోడు' అంటాం. 'లౌకికం' అన్న మాటా ఆ లోకంలోంచి పుట్టిందే. కానీ అర్థం వేరు.

ఇంగ్లీషు 'సెక్యులర్'కి మూలం లాటిన్ 'సేక్యులం'. యుగం, కాలం అని అర్థం. చర్చివాళ్ళ వాడుకలో అది 'ఈ లోకం' అయింది. దాన్నుంచి 1851లో ఇంగ్లండులో జార్జి హోలియోక్ 'సెక్యులరిజం' అన్న మాట కట్టాడు. రాజ్యం విషయంలో దీని అర్థం ఒక్కటే: సర్కారు కుర్చీలో ఏ మతమూ కూర్చోకూడదు. మన రాజ్యాంగ పీఠికలోకి ఈ మాట 1976లో 42వ సవరణతో వచ్చింది.

మరి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్ళ పేటల్లో జరుగుతున్నదేంటి? 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. క్రైస్తవ, ముస్లిం దళితులకి తియ్యలేదు. బాప్తిస్మం తీసుకున్న మాలా మాదిగా మన రాష్ట్రంలో బీసీ-సి. రిజర్వేషన్ ఒక్క శాతం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం అండా పోతుంది.

ఊరు మాత్రం మనల్ని పాత కులం పేరుతోనే పిలుస్తుంది. మెళ్ళో శిలువ వేసుకున్నంత మాత్రాన నెత్తిన కులం దిగిపోదు. 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది. మార్చాల్సింది పార్లమెంటు.

మేం అడిగేదొకటే. ఏ దేవుడని అడక్కుండా న్యాయం చేస్తే అది లౌకికం. అడిగి తలుపేస్తే అది లౌక్యం. పేటపేటకీ ఈ తేడా చెబుదాం. మూడో పేరా రద్దు చెయ్యమని నిలదీద్దాం.

జై భీమ్!