కండెమ్ చేసేముందు పెట్టె విప్పండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం, ఆ పైది కావాలి. 2017కు ముందు కొన్న సిస్టమ్‌లన్నీ ఇంచుమించుగా ఈ షరతు దగ్గరే ఆగిపోతాయి. మద్దతు ఆగిన మర్నాడు వాటిలో ఏదీ పాడైపోలేదు. అయినా కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో కండెమ్ జాబితాలు రాయడానికి ఈ ఒక్క కారణం చాలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం ప్రాంతంలో దీన్ని ఒప్పుకోకూడదు. వేరుశనగ పంట పోయిన ఏడాది డిగ్రీ చదివే పిల్లకు కొత్త కంప్యూటరు కొనడమంటే ఆ ఇంటికి ఇంకో అప్పు.

మోటారు కాలిందని ఇక్కడి రైతు బోరు పూడ్చేయడు, వైండింగ్ చేయిస్తాడు. కంప్యూటరు స్లో అయిందంటే మాత్రం మొత్తం పెట్టెనే మార్చేయాలంటాం. ఎక్కువసార్లు అడ్డుపడేది ప్రాసెసర్ కాదు, హార్డ్‌డిస్క్. తిరిగే పళ్లెం మీద ఫైలు ముక్కను వెతికి పట్టడానికి దానికి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. 2012 నాటి ఐ5 బోర్డుకు కూడా అదే సాటా కేబులుతో ఎస్‌ఎస్‌డీ తగిలించవచ్చు. ర్యామ్ నాలుగు జీబీయే ఉంటే, బోర్డు పోయి మూలపడ్డ ఇంకో డీడీఆర్3 డెస్క్‌టాప్ నుంచి తీసి ఎనిమిది చేయవచ్చు. ల్యాప్‌టాప్ ర్యామ్ ఇందులో పట్టదు. పాత హార్డ్‌డిస్క్‌ను పరీక్షించి రెండో డిస్కుగా ఉంచుకోవచ్చు గానీ, ఇంకెక్కడా కాపీ లేని ఫొటోలను దాని మీద నమ్మి పెట్టకూడదు. కేబినెట్, మానిటర్, కీబోర్డు ఎక్కడివక్కడే.

ఒక్క ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. వోల్టేజీ పడుతూ లేస్తూ ఉండే పల్లెల్లో, నలభై డిగ్రీలు దాటే ఎండల్లో దాని కెపాసిటర్లు ఉబ్బుతాయి. అది పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోగలదు. మిగిలిన డబ్బంతా దీని మీద పెట్టినా తప్పులేదు. కంపెనీ డెస్క్‌టాప్‌లలో కొన్నింటికి వేరే రకం కనెక్టర్ ఉంటుంది. అందుకే పాతది విప్పి చూశాకే కొత్తది కొనాలి.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, చదువుకునే పిల్లలకు లైనక్స్ సరిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. డీటీపీ వాళ్ల కష్టం వేరు. అను ఫాంట్లు, 2001 నాటి పేజ్‌మేకర్ 7 వాళ్లకు అన్నం పెడుతున్నాయి, వాటికి విండోస్ కావాలి. అలాంటి సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి వాడుకోవడమే మేలు.

ఇంట్లో ఒక కంప్యూటరు బాగుపడితే సంతోషమే. నా బాధ మాత్రం ల్యాబుల గురించి. గదినిండా సిస్టమ్‌లను లాటుగా వేలం వేస్తే, పనికొచ్చే ర్యామ్, ప్రాసెసర్, మానిటర్ అన్నీ ఇనుము లెక్కన పోతాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాలను బాగుచేసే రిఫర్బిషర్లకు రిజిస్ట్రేషన్ కల్పించాయి. చట్టమే ఈ పనిని గుర్తించినప్పుడు కాలేజీలు వెనకాడాల్సిన పనిలేదు. వేలానికి ముందు ప్రతి పెట్టెనూ విప్పి, డిస్కులోని సమాచారం పూర్తిగా చెరిపి, పనిచేసే భాగాలను వేరుచేసే బాధ్యత ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు అప్పగించాలి. దాన్ని ప్రాక్టికల్‌గా లెక్కించి మార్కులివ్వాలి. అలా తయారైన సిస్టమ్‌లు మొదట మండలాల్లోని ప్రభుత్వ హైస్కూళ్లకే వెళ్లాలి.