మనకెందుకండీ ఇవన్నీ?

"మనకెందుకండీ ఇవన్నీ?" అన్నారాయన, కారు అద్దం రెండంగుళాలు దించి.

జనవరిలో ఒక శనివారం పొద్దున. మినియాపోలిస్‌లో థియోడర్ వర్త్ పార్కు. చలి సున్నా డిగ్రీలు... మన సున్నా కాదండోయ్, ఇక్కడి ఫారెన్‌హీట్ సున్నా, అంటే మన లెక్కలో మైనస్ 18. పిల్లలు స్కీయింగ్ క్లాసులో ఉన్నారు. తండ్రులు కార్లలో ఉన్నారు. ఇంజను ఆన్, హీటరు ఫుల్, ఫ్లాస్కులో టీ, చేతిలో ఫోను. నేను మాత్రం తగుదునమ్మా అని కారు దిగి, డిక్కీలోంచి స్కీలు తీస్తున్నాను. అది చూసి పక్క కారులోని మన తెలుగాయన వేసిన ప్రశ్న అది.

ఆయన్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. అంతకు ముందు రెండు శీతాకాలాలు అదే వరసలో కారు ఆపుకుని, అదే టీ తాగుతూ ఆఫీసు మెయిళ్ళు చూసుకున్నవాణ్ణే నేను. కానీ ఆ ప్రశ్నతో మాత్రం నాకు పెద్ద తగాదా ఉంది. ఇవాళ అది తేల్చుకుందామనే కూర్చున్నాను.

ముందు నేను చేస్తున్న పనేంటో చెప్పాలి. దాని పేరు బయాథ్లాన్. కాళ్ళకి స్కీలు, వీపు మీద మూడున్నర కిలోలకి తగ్గని రైఫిలు. మంచులో కిలోమీటర్ల కొద్దీ స్కీయింగ్ చేసి, రొప్పుతూ వచ్చి, 50 మీటర్ల దూరంలో ఉన్న 5 నల్లటి చుక్కల్ని కొట్టాలి. బోర్లా పడుకుని కొట్టేటప్పుడు చుక్క అడ్డకొలత 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కొట్టేటప్పుడు 115 మిల్లీమీటర్లు, అరిసెంత. చాలా పందాల్లో తప్పిన ప్రతి తూటాకీ 150 మీటర్ల పెనాల్టీ చుట్టు తిరగాలి. గుండె దడదడలాడుతుంటే వేలు మాత్రం నిదానంగా కదలాలి. అదీ ఆట. 1960లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆడవాళ్ళకి 1992 దాకా చోటివ్వలేదు.

నేను ఇందులో పెద్ద మొనగాణ్ణని అనుకునేరు! మొదటి క్లబ్బు పందెంలో పది తూటాల్లో మూడు తగిలాయి. మిగిలిన ఏడింటికీ చుట్లు తిరిగి తిరిగి అందరికన్నా ఆఖర్న వచ్చాను. నా తరవాత వచ్చింది ట్రాకు సరిచేసే బండి ఒక్కటే.

సరే, అసలు విషయానికొస్తే... "మనకెందుకు" అన్న మాట వెనక నాలుగైదు సాకులుంటాయి. అన్నీ ఒకప్పుడు నేను వాడినవే కాబట్టి వాటి రుచి నాకు తెలుసు.

మొదటిది, "మన ఒంటికి ఈ చలి పడదండీ." నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి నుంచి మాలావత్ పూర్ణ అనే అమ్మాయి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి తన వయసు 13 ఏళ్ళ 11 నెలలు. చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. కొండలెక్కడం నేర్చుకుంది భువనగిరి గుట్ట మీద. తనతో పాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్‌దీ మన ఖమ్మం జిల్లాయే. ఆ పిల్లల ఒంటికి ఎవరెస్టు పడింది. మూడు పొరల జాకెట్లు కొనుక్కోగలిగిన మన ఒంటికి ఊళ్ళోని పార్కు పడదా? పడనిది ఒంటికి కాదు మాస్టారూ, అలవాటుకి.

రెండోది, "ఇవి వాళ్ళ ఆటలండీ." ఎవరి ఆటలు? మిన్నెసోటాకి స్కీలు భూమిలోంచి మొలిచి రాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో నార్వే నుంచి, స్వీడన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు వాటిని వెంట తెచ్చుకున్నారు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో 1973 నుంచి జరుగుతున్న బర్కిబైనర్ స్కీ పందెం పేరు కూడా నార్వే నుంచి తెచ్చుకున్నదే. వాళ్ళూ వలస వచ్చినవాళ్ళే. కాకపోతే వాళ్ళు కారు దిగారు. ఇక బయాథ్లాన్ సంగతంటారా, 2022 ఒలింపిక్స్ దాకా అమెరికాకే ఇందులో ఒక్క పతకం రాలేదు. వాళ్ళకే ఇంకా పూర్తిగా పట్టుబడని ఆట "వాళ్ళది" ఎలా అయింది? మనవాళ్ళు వేసవిలో క్రికెట్ ఆడుతున్నారు, వాళ్ళకి నా దండం. కానీ ఇక్కడ చలికాలం అయిదు నెలలు. అయిదు నెలలు సోఫాలోనేనా?

మూడోది, టైమూ డబ్బూ. రేసు రైఫిలు వేల డాలర్లు, నిజమే. నాకు లేదు, కొనను కూడా. క్లబ్బుదే వాడతాను. స్కీలు ఎవరో వాడి అమ్మేసినవి. టైమంటారా, పిల్లలు క్లాసులో ఉన్న ఆ గంటే నా గంట. వారం మధ్యలో ఇంట్లో మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి, చీపురుకర్ర భుజానికి ఆనించి, గోడ మీది క్యాలెండరులో ఏదో ఒక ఆదివారం మీద గురి పెట్టి, ఊపిరి సగం వదిలి ఆపుతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి, నవ్వు కూడా ఉచితమే.

నాలుగోది సాకు కాదు, నిజమైన అడ్డంకి. అమెరికాలో తుపాకీ అంటే కిరాణా సరుకని మనం అనుకుంటాం. కానీ 1998లో వచ్చిన సవరణ ప్రకారం హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. క్లబ్బు వాళ్ళది కాసేపు అరువుగా పట్టుకున్నా అంతే. దీనికి మినహాయింపు కూడా చట్టంలోనే ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. మిన్నెసోటాలో 1979 తరవాత పుట్టినవాళ్ళు ఆ లైసెన్సు కొనాలంటే ముందు తుపాకీ భద్రత కోర్సు పాసవ్వాలి. లాయర్ని అడిగి, పద్నాలుగేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, ఆ కోర్సు చేశాను. అలా జీవితంలో కోడిగుడ్డు కూడా ముట్టని నేను వేటగాడి లైసెన్సు పర్సులో పెట్టుకుని తిరుగుతున్నానన్నమాట! దాని గడువు తీరిన రోజున మినహాయింపూ తీరుతుంది. అందుకే వీసా తేదీల పక్కనే ఆ తేదీ కూడా రాసి పెట్టుకున్నాను. మీరెవరైనా ఇటు రావాలనుకుంటే నా మాట కాదు, మీ లాయరు మాట వినండి. అసలు తుపాకీయే పట్టకుండా లేజరు రైఫిళ్ళతో నేర్పే క్లబ్బులూ ఉన్నాయి.

తుపాకీ అనగానే మీకు కలిగే జంకు మా ఆవిడకీ కలిగింది. "బడి పిల్లలు ఏమవుతున్నారో రోజూ వార్తల్లో చూస్తూ, నువ్వు దాన్ని ఇంటికి తెస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. అందుకే రైఫిలు క్లబ్బు బీరువా దాటి రాదు. నేను చూసినంతలో ఆ రేంజిలో ఉన్నంత క్రమశిక్షణ మన కోడ్ రివ్యూల్లో కూడా ఉండదు. గొట్టం పక్కకి తిరిగితే హెచ్చరికలు, బుజ్జగింపులు ఉండవు, పందెం నుంచి బయటికే. అయినా మీకొద్దంటే మానెయ్యండి. స్కీలు చాలు. అవీ వద్దంటే మంచులో నడక చాలు. నా తగాదా తుపాకీ కోసం కాదు.

దేనికోసమో ఇప్పుడు చెప్తాను.

పై సాకులన్నిటి కిందా ఇంకొకటుంది. దాన్ని మనం పైకి అనం. "ఇంకా సెటిల్ అవలేదు కదా." గ్రీన్‌కార్డు వచ్చాక ఇల్లు, ఇల్లు వచ్చాక ఆటలు, ఆటలు వచ్చాక బతుకు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి పుణ్యమా అని మన క్యూ ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. నా ప్రయారిటీ డేట్ 2016. నా వంతు ఎప్పుడొస్తుందో నాకే కాదు, ఎవరికీ తెలియదు. ఆ అన్యాయం మీద ఎంత కోపం తెచ్చుకున్నా తప్పులేదు. కానీ ఆ కోపంతో మనం చేస్తున్నదేమిటి? వాళ్ళు మన కాగితాలు ఆపారు, మనం మన కాళ్ళు ఆపుకున్నాం. కాగితాలు ఆగిన చోటే ఉంటాయి. ఒళ్ళు ఆగదండీ. ఒంటికి ప్రయారిటీ డేట్ ఉండదు.

నా 36వ ఏట రక్త పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అంటే షుగరు గుమ్మం దాకా వచ్చి తలుపు తడుతోందన్నమాట. "నేనేం లావు లేనే" అన్నాను డాక్టరుతో. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మామూలుగా బీఎంఐ 25 దగ్గర మొదలవ్వాల్సిన జాగ్రత్త ఆసియా వాళ్ళకి 23 దగ్గరే మొదలవ్వాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే గీత కిందికి దించిందట. మా నాన్నకి 48వ ఏట స్టెంటు పడింది. ఆయన రోజూ సైకిలు మీద బడికెళ్ళి పాఠాలు చెప్పిన మనిషి. కుర్చీలోంచి కుర్చీలోకి మారడమే వ్యాయామంగా బతికే నాకు ఎన్నో ఏట పడాలి? స్కీయింగ్ వల్ల నా షుగరు మాయమైపోయిందని గప్పాలు కొట్టను, నాలుగు ముద్దల అన్నం కూడా తగ్గించాను. కానీ గుమ్మంలో ఉన్నది ఇంకా లోపలికి రాలేదు.

ఇంకో మాట. వెనక్కి వెళ్ళిపోవాల్సి వస్తుందేమో అన్న భయం నాకూ ఉంది. అందుకే ఇవాళే చెయ్యాలంటాను. రేపు ఉద్యోగం పోతే లెక్కపెట్టిన రోజుల్లో సామాను సర్దుకోవాలి. ఇల్లు పట్టుకెళ్ళలేను, కారు పట్టుకెళ్ళలేను. ఫిబ్రవరి పొద్దున్న బర్చ్ చెట్ల మధ్య స్కీల కింద మంచు చేసే కరకర శబ్దాన్ని నా నుంచి ఎవరు లాక్కుంటారు? ఉంటామో లేదో తెలియని చోట కారులో కూర్చుని ఎదురుచూడటం జాగ్రత్త కాదు, నష్టం.

చివరగా పిల్లలు. మనం వాళ్ళని ఈత, చదరంగం, కూచిపూడి, స్కీయింగ్ అన్నిటికీ తిప్పుతాం. వాళ్ళు నేర్చుకునేది మాత్రం మనల్ని చూసి. పెద్దవాళ్ళవడమంటే హీటరు వేసుకుని కారులో కూర్చోవడం అని నేర్చుకుంటున్నారు. నేను మొదటిసారి బొక్కబోర్లా పడ్డ రోజున మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, ముందు మోకాలు మీద లే, తరవాత స్కీలు సరిచేసుకో" అని నేర్పించింది. ఎనిమిదేళ్ళ పిల్ల నాకు గురువైంది. ఏ క్లాసు ఫీజు కడితే అది దొరుకుతుంది?

కాబట్టి అయ్యా, ఆ రోజు అద్దం దించి అడిగిన పెద్దమనిషీ! మీకు అప్పుడు జవాబివ్వలేదు, చలికి నోరు తిరగలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మనకెందుకంటే... మనం ఇక్కడ ఉన్నాం కాబట్టి. రేపు ఉంటామో లేదో తెలియదు కాబట్టి.

వచ్చే శనివారం కారు దిగండి. పడితే లేపడానికి మా అమ్మాయి ఉంది. ఆ టీ ఫ్లాస్కు మాత్రం మర్చిపోకండి, అందులో నాకూ ఒక కప్పు కావాలి.